ఆ మెసేజ్ చదివారా? లినక్స్ బూట్, వైఫై సమస్యల మీద ప్రసంగం

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది లాప్‌టాప్‌లు భుజాన వేసుకుని వచ్చారు, చాలా సంతోషంగా ఉంది. లోపలికి వస్తూ కొందరిని అడిగాను. ఎక్కువమంది దగ్గర లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ రకాల్లో ఉబుంటు, మింట్ ఉన్నాయి. అందుకని వాటినే దృష్టిలో పెట్టుకుని చెప్తాను. ఫెడోరా వాడేవాళ్లకు కొన్ని కమాండ్లు మారతాయి, వెతికే దారి మాత్రం అదే. కమాండ్లన్నీ బోర్డు మీద రాస్తూ వెళ్తాను, నోటితో చెప్పినప్పుడు అర్థం కాకపోతే అటు చూడండి.

కిందటి వేసవిలో మా వీధిలో ఉండే డిగ్రీ చదివే అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "మాస్టారూ, వైఫై సరిగ్గా రావట్లేదు. మూడుసార్లు ఫార్మాట్ కొట్టి మళ్లీ ఎక్కించాను, అయినా అంతే" అంది. మొదటి ఫార్మాట్‌లోనే తన ప్రాజెక్టు రిపోర్టు పోయిందట. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "తెర మీద ఏమైనా మెసేజ్ వచ్చిందామ్మా?" అని అడిగాను. "ఏదో వచ్చింది మాస్టారూ, చూసుకోలేదు" అంది.

ఆ "ఏదో" గురించే ఇవాళ నేను మాట్లాడబోతున్నాను. ఆ అమ్మాయి లాప్‌టాప్ సంగతి చివర్లో చెప్తాను.

ఏదైనా మొరాయిస్తే ఫార్మాట్ కొట్టడం మనకు అలవాటైపోయింది. అదే పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్‌కు గుండెకాయ లాంటి అదే కెర్నెల్, హార్డ్‌వేర్‌ను నడిపించే అదే డ్రైవర్ మళ్లీ ఎక్కిస్తే అదే సమస్య మళ్లీ వస్తుంది. పైగా ఏం జరిగిందో రాసి పెట్టి ఉన్న లాగ్‌లు కూడా చెరిగిపోతాయి. జ్వరం వచ్చిన మనిషికి థర్మామీటర్ పెట్టకుండా మందులు మారుస్తూ పోవడం లాంటిది ఇది. లినక్స్ తన బాధ తను చెప్తుంది. ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, కాస్త వేగంగా చెప్తుంది. ఫోన్ తీసి ఆ తెరను ఫోటో కొట్టండి. ఇవాళ మీరు ఇంటికి తీసుకెళ్లే మొదటి పనిముట్టు అదే.

ఇప్పుడు బూట్ సంగతి చూద్దాం. పవర్ బటన్ నొక్కిన దగ్గర నుంచి లాగిన్ తెర వచ్చేదాకా పని చేతులు మారుతూ వెళ్తుంది. ముందు మదర్‌బోర్డులోనే ఉండే యూఈఎఫ్ఐ అనే ప్రోగ్రామ్ లేస్తుంది. అది డిస్క్‌లో విడగొట్టి పెట్టిన ఒక చిన్న ఫ్యాట్ పార్టిషన్‌లోకి వెళ్లి, లినక్స్‌ను లేపే గ్రబ్ అనే ప్రోగ్రామ్‌ను పిలుస్తుంది. గ్రబ్ కెర్నెల్‌ను, దానితోపాటు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న మూటను మెమరీలోకి ఎక్కిస్తుంది. అసలు డిస్క్‌ను తెరవడానికి కావలసిన తాళాలు ఆ మూటలో ఉంటాయి. డిస్క్ తెరుచుకున్నాక సిస్టమ్‌డీ మిగతా సర్వీసులన్నిటినీ లేపుతుంది. ఆఖరున లాగిన్ తెర. "బూట్ అవ్వట్లేదు" అని ఎవరైనా అంటే నేను అడిగేది ఒక్కటే: ఏ చేతి నుంచి ఏ చేతికి మారేటప్పుడు ఆగింది?

గ్రబ్ మెనూ రాకుండా నేరుగా విండోస్ వచ్చేస్తుంటే లినక్స్ పోయినట్టు కాదు. యూఈఎఫ్ఐలో వరస మారి ఉంటుంది. ఎఫ్2 అయినా ఎఫ్12 అయినా, మీ మోడల్‌కి ఏది ఉంటే అది నొక్కి బూట్ ఆర్డర్‌లో ఉబుంటును పైకి తెస్తే చాలు. 2024 ఆగస్టులో ఇంకో రకం వచ్చింది. ఆ నెల విండోస్ అప్‌డేట్ పడ్డాక డ్యూయల్ బూట్, అంటే విండోస్, లినక్స్ రెండూ ఉన్న చాలా యంత్రాలు లినక్స్ వైపు వెళ్తే "సెక్యూరిటీ పాలసీ వయొలేషన్" అని రాసి ఆగిపోయాయి. పాత గ్రబ్‌ను, దానికంటే ముందు లేచే షిమ్ అనే ప్రోగ్రామ్‌ను నమ్మొద్దని ఆ అప్‌డేట్ మదర్‌బోర్డుకు చెప్పింది. డ్యూయల్ బూట్ ఉన్న యంత్రాల జోలికి అది వెళ్లకూడదు, కానీ వెళ్లింది. సరైన సంతకం ఉన్న ప్రోగ్రామ్‌లనే లేవనిచ్చే సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్లి, మోక్‌యుటిల్ అనే కమాండ్‌తో ఆ పాలసీ తీసేసి, అప్‌డేట్లు వేసుకుని, మళ్లీ సెక్యూర్ బూట్ పెట్టుకుంటే సరిపోయింది. ఆ వారం ఎంతమంది డిస్క్‌లు తుడిచేసుకుని ఉంటారో తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. మెసేజ్ చదివితే పావుగంట పని అది.

ఇక్కడ ఒక జాగ్రత్త. సెక్యూర్ బూట్ ముట్టుకునే ముందు విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉందేమో చూసుకోండి. ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. లేకపోతే ఇటు లినక్స్ బాగవుతుంది, అటు విండోస్ 48 అంకెల కీ అడుగుతూ కూర్చుంటుంది.

గ్రబ్ మెనూకు బదులు "గ్రబ్ రెస్క్యూ" అని నల్ల తెర వస్తే, గ్రబ్ తన మిగతా ఫైళ్లు ఉన్న పార్టిషన్‌ను కనుక్కోలేకపోతోందన్నమాట. సాధారణంగా విండోస్‌లో కూర్చుని పార్టిషన్లు చెరిపినప్పుడో, కలిపినప్పుడో ఇలా అవుతుంది. లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపి, మీ లినక్స్ పార్టిషన్‌ను మౌంట్ చేసి, అంటే తెరిచి, అందులోకి క్రూట్ చేసి, అంటే ఆ సిస్టమ్ లోపలే ఉన్నట్టు కమాండ్లు నడిచేలా మారి, గ్రబ్‌ను మళ్లీ వేసుకోవాలి. మధ్యాహ్నం ఒక యంత్రం మీద చేసి చూపిస్తాను. మాటలతో చెప్తే అయోమయంగా ఉంటుంది.

ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ దగ్గర ఆగడం మన ఊళ్లలో డెస్క్‌టాప్‌ల మీద ఎక్కువ. యూపీఎస్ ఉండదు, కరెంటు పోతుంది, ఏదో రాస్తుండగా డిస్క్ ఆగిపోతుంది. మళ్లీ ఆన్ చేస్తే నల్ల తెర మీద బ్రాకెట్లలో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అని, కాస్త పైన "మాన్యువల్ ఎఫ్ఎస్‌సీకే కావాలి" అన్న అర్థంతో ఒక వాక్యం, ఆ వాక్యంలోనే పార్టిషన్ పేరు కూడా ఉంటాయి. ఎఫ్ఎస్‌సీకే అంటే డిస్క్‌లో తప్పులు సరిచేసే కమాండ్. ఆ పార్టిషన్ పేరు చూసి ఎఫ్ఎస్‌సీకే హైఫన్ వై, ఆ పేరు కొట్టండి. పని అయ్యాక ఎగ్జిట్ కొట్టండి. చాలాసార్లు మామూలుగా లేచి కూర్చుంటుంది. కరెంటు పోకపోయినా వారానికోసారి ఇదే వస్తోందంటే డిస్క్ చివరి దశలో ఉందేమో అనుమానించాలి. అప్పుడు ఎఫ్ఎస్‌సీకే కంటే ముందు ఫైళ్లు వేరే చోటికి కాపీ చేసుకోండి. ఆ తర్వాత స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్క్ ఆరోగ్యం చూడండి.

ఈ వరసలో నాకు జరిగింది ఒకటి చెప్తాను. కొన్నేళ్ల కిందట మా ల్యాబ్‌లో ఒక యంత్రానికి ఉన్న రెండో డిస్క్ తీసి వేరేదానికి పెట్టాను. మర్నాడు పిల్లలు ఆన్ చేస్తే తెర మీద ఒక ఎర్ర నక్షత్రం అటూ ఇటూ తిరుగుతోంది. "ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్" అని రాసి, పక్కన ఒక పొడవాటి సంఖ్య, దాని పక్కన గడియారం. సరిగ్గా నిమిషం 30 సెకన్లు లెక్కపెట్టి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోయింది. ల్యాబ్ పరీక్ష రోజు. నాకు చెమటలు పట్టాయి. ఆ పొడవాటి సంఖ్య నేను తీసేసిన డిస్క్ యూయూఐడీ, అంటే దాని గుర్తింపు సంఖ్య. ఎఫ్ఎస్‌ట్యాబ్ అనే ఫైల్‌లో "ఈ డిస్క్ వచ్చేదాకా ఆగు" అని ఒక వరుస ఉండిపోయింది. సిస్టమ్ చెప్పిన మాట విని ఆగింది. నానో ఎడిటర్‌లో ఆ ఫైల్ తెరిచి, ఆ వరుస ముందు హ్యాష్ గుర్తు పెట్టి, రీబూట్ చేశాను. పరీక్ష మొదలయ్యేసరికి యంత్రం సిద్ధంగా ఉంది. అప్పటి నుంచి బయటి డిస్క్‌లు ఏవైనా ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో రాస్తే నోఫెయిల్ అన్న మాట తప్పకుండా చేరుస్తాను. డిస్క్ లేకపోయినా బూట్ ఆగదు.

కొత్త కెర్నెల్ పడ్డాక "కెర్నెల్ ప్యానిక్" అని, రూట్ ఎఫ్ఎస్‌ను, అంటే లినక్స్ ఉన్న అసలు పార్టిషన్‌ను, మౌంట్ చేయలేకపోయానని వస్తే బూట్ పార్టిషన్ నిండిందేమో చూడండి. విడిగా బూట్ పార్టిషన్ పెట్టుకున్నవాళ్లకు పాత కెర్నెళ్లు పేరుకుని చోటు ఉండదు. కొత్త కెర్నెల్ పడుతుంది కానీ దాని ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మూట సగంలో ఆగిపోతుంది. గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోపల పాత కెర్నెల్ ఉంటుంది. దానితో లేవండి, అక్కర్లేని పాత కెర్నెళ్లు తీసేసే ఆప్ట్ ఆటోరిమూవ్ కొట్టండి, తర్వాత మూటను మళ్లీ కట్టే అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్. మెనూ కనబడకపోతే ఆన్ చేసిన వెంటనే ఎస్కేప్ ఒక్కసారి నొక్కండి. కంగారులో టకటకా నొక్కితే గ్రబ్ ప్రాంప్ట్‌లోకి పడిపోతారు. భయపడకండి, నార్మల్ అని కొడితే మళ్లీ మెనూ వస్తుంది.

ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లకు లోగో తర్వాత తెర నల్లగా ఉండిపోవడం మామూలు. మెనూలో ఉబుంటు మీద నిలబడి ఇ నొక్కండి. లినక్స్ అని మొదలయ్యే వరుస చివర క్వయెట్ స్ప్లాష్ అని ఉంటుంది. అక్కడ నోమోడ్‌సెట్ చేర్చి ఎఫ్10 నొక్కండి. ఆ ఒక్కసారికి తెర వస్తుంది. లోపలికి వెళ్లి సరైన డ్రైవర్ వేసుకోండి. కారణం ఏదో తెలియనప్పుడు కూడా ఈ చోటు ఉపయోగపడుతుంది: క్వయెట్ స్ప్లాష్ రెండు మాటలూ తీసేయండి. అందమైన లోగో పోయి, యంత్రం చేస్తున్న ప్రతి పనీ వరుసగా కనబడుతుంది. చివరి వరుస ఎక్కడ ఆగితే సమస్య ఆ చుట్టుపక్కలే. ఎలాగో లేచాక జర్నల్‌సీటీఎల్ హైఫన్ బి హైఫన్ 1 అని కొడితే కిందటిసారి బూట్‌లో ఏం జరిగిందో మొత్తం చదువుకోవచ్చు.

ఇక వైఫై. దీని మీద ఎక్కువసేపు ఉంటాను, మీ ప్రశ్నల కాగితాల్లో సగం దీని మీదే ఉన్నాయి.

ముందు నెట్ ఎలా తెచ్చుకోవాలి? వైఫై డ్రైవర్ దించుకోవడానికి నెట్ కావాలి, నెట్ కావాలంటే వైఫై కావాలి. ఈ చిక్కులో పడి చాలామంది లినక్స్ వదిలేశారు. మీ జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఛార్జింగ్ కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలపండి. సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లాప్‌టాప్‌కి వైర్డ్ కనెక్షన్ వచ్చినట్టు కనబడుతుంది. ఫోన్ ఇంట్లో వైఫైకి కలిసి ఉంటే ఆ నెట్టే కేబుల్ మీద వస్తుంది, మీ డేటా కూడా ఖర్చు కాదు.

ఇప్పుడు కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌పీసీఐ హైఫన్ ఎన్ఎన్‌కే కొట్టండి. నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరుస వెతకండి. వరుస చివర చదరపు బ్రాకెట్లలో రెండు భాగాలుగా ఒక సంఖ్య ఉంటుంది. 8086 అని మొదలైతే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్, 14సీ3 అయితే మీడియాటెక్. మీ సమస్యను ఎవరినైనా అడిగేటప్పుడు లాప్‌టాప్ మోడల్ పేరుకంటే ఈ సంఖ్య చెప్పండి. ఒకే మోడల్ పేరుతో రెండు రకాల కార్డులు పెట్టి అమ్ముతుంటారు. దాని కింద "కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" అన్న వరుస ఉందా లేదా చూడండి. ఉంటే డ్రైవర్ అతుక్కుంది, సమస్య ఆ తర్వాతి మెట్టులో ఉంది. లేకపోతే డ్రైవరే లేదు.

డ్రైవర్ లేకపోవడానికి తరచుగా కారణం కార్డు కొత్తది, కెర్నెల్ పాతది కావడం. ఉదాహరణకు ఉబుంటు 22.04 మొదట 5.15 కెర్నెల్‌తో వచ్చింది. రియల్‌టెక్ 8852బీఈ కార్డుకు డ్రైవర్ కెర్నెల్ 6.2లో చేరింది. ఆ కార్డు ఉన్న లాప్‌టాప్ కొని పాత పెన్‌డ్రైవ్‌తో 22.04 ఎక్కిస్తే వైఫై గుర్తే కనబడదు. 24.04 వేస్తే ఏమీ చేయకుండానే వస్తుంది, దాని కెర్నెల్ 6.8 కాబట్టి. అక్కడ గంటలు గంటలు కుస్తీ పడనక్కర్లేదు.

డ్రైవర్ ఉండి కూడా పని చేయకపోతే, కెర్నెల్ రాసుకున్న మెసేజ్‌లు చూపించే డీమెసేజ్ (dmesg) కొట్టి ఫర్మ్‌వేర్ అన్న మాట వెతకండి. ఫర్మ్‌వేర్ అంటే కార్డులో ఉండే బుల్లి ప్రాసెసర్ మీద నడిచే ప్రోగ్రామ్. డ్రైవర్ దాన్ని డిస్క్ నుంచి తీసి కార్డులోకి పంపాలి. ఆ ఫైల్ లేకపోతే ఫలానా ఫైల్ దొరకలేదని డీమెసేజ్‌లో పేరుతో సహా రాస్తుంది. లినక్స్ ఫర్మ్‌వేర్ అనే ప్యాకేజీ అప్‌డేట్ చేస్తే చాలావరకు తీరుతుంది. డెబియన్ అనే మరో లినక్స్ రకం వాళ్లు సోర్స్ కోడ్ ఇవ్వని ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టేవాళ్లు కాదు. స్వేచ్ఛకు సంబంధించిన విషయం అది, వాళ్ల పట్టుదల మీద నాకు గౌరవం ఉంది. కానీ 2022లో ఓటింగ్ పెట్టుకుని, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు. అది మంచి నిర్ణయమని నా అభిప్రాయం. నెట్ లేని యంత్రం చేతికిచ్చి స్వేచ్ఛ గురించి చెప్తే కొత్తవాళ్లు వినరు.

బ్రాడ్‌కామ్ కథ మీకు తెలియాలి. 2000 తర్వాత తొలి ఏళ్లలో లాప్‌టాప్‌లలో ఎక్కడ చూసినా ఆ కార్డులే. లినక్స్‌కు డ్రైవర్ లేదు, వివరాలూ బయటపెట్టలేదు. కొందరు స్వచ్ఛందంగా పూనుకున్నారు. ఒక బృందం బ్రాడ్‌కామ్ సొంత డ్రైవర్ కోడ్‌ను విప్పి చూసి, కాపీరైట్ తగువు రాకుండా దాని నడవడిని మాటల్లో రాసింది. ఆ పాత కోడ్ ఎన్నడూ చూడని మరో బృందం ఆ రాత చదివి కొత్తగా డ్రైవర్ రాసింది. 2006లో అది కెర్నెల్ 2.6.17లో చేరింది. ఫర్మ్‌వేర్‌ను పంచే హక్కు లేదు కాబట్టి, విండోస్ డ్రైవర్‌లోంచి దాన్ని కోసి తీసే చిన్న పనిముట్టు కూడా రాశారు. 2010 సెప్టెంబర్‌లో బ్రాడ్‌కామ్ తనే కొన్ని కొత్త కార్డులకు ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఇచ్చింది. మనం ఇవాళ మూలన ఉన్న వైఫై గుర్తు మీద నొక్కుతున్నామంటే, దాని వెనక ముక్కూ మొహం తెలియని మనుషుల రాత్రులు ఉన్నాయి.

అయినా 43142 లాంటి కొన్ని బ్రాడ్‌కామ్ కార్డులకు ఇప్పటికీ డబ్ల్యూఎల్ అనే మూసిన డ్రైవరే దిక్కు. ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్‌లో కనబడుతుంది. ఇక్కడే చాలామంది జారిపడే మెట్టు ఉంది. ఇలాంటి డ్రైవర్ మీ యంత్రంలోనే కంపైల్ అవుతుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని డ్రైవర్‌ను కెర్నెల్ లోపలికి రానివ్వదు. అందుకని ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. పెడతారు. రీబూట్ చేస్తారు. నీలం తెర వస్తుంది, ఏదైనా కీ నొక్కండి అని 10 నుంచి వెనక్కి లెక్కపెడుతుంది. మనం ఆ పది సెకన్లూ టీ కోసం లేస్తాం, లేదా నీలం తెర చూసి భయపడి వదిలేస్తాం. అంతే, సంతకం నమోదు కాలేదు. వైఫై రాదు. డ్రైవర్‌ను ఎక్కించే మోడ్‌ప్రోబ్ కమాండ్ కొడితే "కీ వాజ్ రిజెక్టెడ్" అంటుంది. ఆ నీలం తెరలో ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని, మీరు పెట్టిన పాస్‌వర్డ్ కొట్టాలి. తప్పిపోతే మోక్‌యుటిల్ ఇంపోర్ట్‌తో మళ్లీ పిలవచ్చు.

ఇలా బయటి నుంచి తెచ్చిన డ్రైవర్లకు ఇంకో బాధ ఉంది. కెర్నెల్ లోపలి అమరిక మారుతూ ఉంటుంది. లోపల ఉన్న డ్రైవర్లను ఆ మార్పు చేసినవాళ్లే సరిచేస్తారు. బయట ఉన్నవాటిని ఎవరూ పట్టించుకోరు. అందుకే "నిన్నటిదాకా వచ్చింది, అప్‌డేట్ తర్వాత పోయింది" అని వింటుంటాం. పాత కెర్నెల్‌తో లేచి చూడండి. వస్తే కారణం తేలిపోయినట్టే.

వైఫైని ఏదైనా ఆపి పెట్టిందేమో చూపించే ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ కూడా ఒకసారి కొట్టండి. సాఫ్ట్ బ్లాక్డ్ పక్కన యస్ అని ఉంటే ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ ఆల్. హార్డ్ బ్లాక్డ్ పక్కన యస్ అని ఉంటే కీబోర్డు మీద విమానం బొమ్మ కీనో, పక్కన స్విచ్చో చూడండి. డ్యూయల్ బూట్ ఉన్నవాళ్లు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాదు, సగం నిద్రలో ఉంటుంది. డ్రైవ్‌లు రాయనివ్వవు, కొన్ని వైఫై కార్డులు కూడా తిక్కగా ప్రవర్తిస్తాయి. కనెక్ట్ అయ్యి మధ్యమధ్యలో పడిపోతుంటే పవర్ సేవ్ మీద అనుమానం. నెట్‌వర్క్ మేనేజర్ కాన్ఫ్ ఫోల్డర్‌లో వైఫై పవర్‌సేవ్ ఫైల్ ఉంటుంది. అందులో 3 ఉన్న చోట 2 పెడితే పవర్ సేవ్ ఆగిపోతుంది.

ఇక ఆ అమ్మాయి లాప్‌టాప్. ఎల్ఎస్‌పీసీఐ చూశాం, డ్రైవర్ అతుక్కుని ఉంది. ఫర్మ్‌వేర్ ఎక్కింది. ఆర్ఎఫ్‌కిల్ శుభ్రంగా ఉంది. రౌటర్ పక్కన పెడితే నెట్ వస్తోంది, పక్క గదిలోకి వెళ్తే పోతోంది. ఎన్ఎంసీఎల్ఐ అనే నెట్‌వర్క్ కమాండ్‌లో సిగ్నల్ చూస్తే గది దాటగానే వందకు 20 లోపు. డ్రైవర్ పేరు ఆర్‌టీఎల్ 8723బీఈ. నాకు అప్పుడు వెలిగింది. ఆ కార్డుకు రెండు యాంటెన్నా కొనలు ఉంటాయి. లాప్‌టాప్ తయారు చేసినవాళ్లు ఒకే తీగ పెట్టి, అది ఏ కొనకు తగిలించారో డ్రైవర్‌కు తెలిసేలా రాయలేదు. డ్రైవర్ ఖాళీ కొనతో వింటోంది. మోడ్‌ప్రోబ్ డాట్ డి ఫోల్డర్‌లో ఒక ఫైల్, అందులో ఒకే వరుస: ఆప్షన్స్, డ్రైవర్ పేరు, యాంట్ అండర్‌స్కోర్ సెల్ ఈజ్ ఈక్వల్ టు 2. రీబూట్ చేశాం. తను లాప్‌టాప్ పట్టుకుని వంటింట్లోకి, అక్కడి నుంచి పెరట్లోకి, జామచెట్టు దాకా నడిచింది. "మాస్టారూ, ఇక్కడ కూడా వస్తోంది!" అని అరిచింది. పోయిన రిపోర్టు మాత్రం తిరిగి రాలేదు. వేసవంతా కూర్చుని మళ్లీ రాసుకుంది.

ప్రశ్న ఉందా? చెప్పు బాబూ, గట్టిగా. "యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొన్నాను, పెడితే సీడీ డ్రైవ్ లాగా కనబడుతోంది." మంచి ప్రశ్న. ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టి చూడు, 0బీడీఏ, 1ఏ2బీ అని ఉంటుంది. ఆ డాంగిల్‌లో విండోస్ డ్రైవర్ దాచిపెట్టి, ముందు డిస్క్‌లా కనబడేలా చేస్తారు. యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అన్న ప్యాకేజీ వేస్తే వైఫై వేషంలోకి మారుతుంది. కొన్నిసార్లు ఆ డిస్క్‌ను ఎజెక్ట్ చేసినా మారుతుంది. తెచ్చావా? తీసుకురా. ప్రొజెక్టర్‌కి నా లాప్‌టాప్ కలిపే ఉంది. ఇందులో పెట్టి ముందు డీమెసేజ్ ఏమంటుందో అందరం కలిసి చదువుదాం.